నవ్వే ఏనుగుల ఇనుపటోపీ

కుప్పం, పుంగనూరు, మదనపల్లె ప్రజలకు సవినయంగా తెలియజేయడమేమనగా, ఇంతకాలంగా ఎవరూ అడగని ఒక ప్రశ్నకు జవాబు దొరికింది. ఇనుపటోపీ ఎక్కడిదో తేలిపోయింది. అది కుప్పంలో పుట్టి, పుంగనూరులో పోరాడి, మదనపల్లెలో రక్తం చిందించింది. మూడు ఊళ్ళలోనూ శిలాఫలకాలు వేశారు. రాయి కుప్పానిది కాబట్టి వెయ్యేళ్ళ దాకా ఈ చరిత్రకు ఢోకా లేదు.

ఈ ఘనత దక్కకముందు ఆ టోపీ మునికుమార్ నెత్తిన ఉండేది. అతనిది పుంగనూరు పక్కన ఒక పల్లె. రోజూ మోటార్‌సైకిల్ వెనక టమోటా క్రేట్లు కట్టుకుని మదనపల్లె మార్కెట్టుకు పోతాడు. ఆ రోడ్డు మీద లారీలు ఎట్లా వస్తాయో తలుచుకుంటే అతని భార్య కృష్ణవేణికి గొంతులో ముద్ద దిగదు. ఆమె భయం అట్లాంటిది. బిడ్డ దగ్గితే ఏమైందోనని భయం, దగ్గకపోతే ఊపిరి ఆడుతోందా అని భయం. మొగుడు ఫోన్ ఎత్తకపోతే ఒక భయం, ఎత్తితే బండి నడుపుతూ ఎత్తాడేమోనని ఇంకో భయం. హెల్మెట్ కొనుక్కోమని పోరితే అతను వచ్చే పంటకు కొంటానన్నాడు. టమోటా పెట్టేవాళ్ళ ఇళ్ళలో 'వచ్చే పంట' అంటే ఏమిటో పాఠకులకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

అందుకని ఆమె కొట్టంలో దూడ నీళ్ళు తాగే ఇనుపటోపీని తీసి కడిగింది. అంచు లోపల మేకుతో గీసిన అక్షరాలు బయటపడ్డాయి: ఎం. గంగులప్ప. మునికుమార్ అవ్వ పాపమ్మను అడిగితే, తన మామ పేరేనని చెప్పింది. తెల్లవాళ్ళ దండులో చేరి బర్మా దాకా పోయి, చావకుండా తిరిగొచ్చి, మళ్ళీ అదే రెడ్డి పొలంలో కూలికి పోయినాయన. కృష్ణవేణికి ఆ మాటల్లో 'చావకుండా' అన్నదొక్కటే వినబడింది. బిడ్డ శ్వేత పసిగుడ్డుగా ఉన్నప్పటి బొంత చించి, టోపీ లోపల మెత్తగా కుట్టింది. ఆ బొంత నిండా నీలిరంగు ఏనుగులు, అన్నీ నవ్వుతుంటాయి. మునికుమార్ పైన ఆకుపచ్చ రంగు పూశాడు. టోపీ పునర్జన్మ ఎత్తింది.

పుంగనూరు సర్కిల్‌లో కానిస్టేబుల్ శంకరప్ప దాన్ని చాలాసేపు తిప్పి చూశాడు. "ఇది హెల్మెట్టు కాదప్పా. కానీ నెత్తిన ఏమీ లేదని గూడా రాయలేను. పో," అన్నాడు. చట్టం ఇంత సూటిగా మాట్లాడటం అరుదు.

అదే సర్కిల్‌లో ఎరువుల అంగడి లక్ష్మీపతి కూడా చూశాడు. ఆయన చరిత్ర పరిరక్షణ సమితికి అధ్యక్షుడు. సమితి ఆయన అంగడి మిద్దె మీద కూర్చుంటుంది కాబట్టి వేరే ఎన్నిక అవసరం పడలేదు. మరునాడే నలుగురితో పల్లెకు వచ్చి, ఈ మహత్తర శిరస్త్రాణం యొక్క మూలాన్ని కనుక్కోవాల్సి ఉందని, రెండు దినాల్లో తిరిగి ఇస్తామని చెప్పాడు.

"యాడిదో యాల ఎతుకుతారప్పా?" అంది పాపమ్మ. "మా మామది. లోపల పేరు గీక్కోనుండాడు, సూడండి."

"అవ్వా, మేము అడుగుతాండేది దాని చరిత్ర," అన్నాడు లక్ష్మీపతి ఓపిగ్గా. "మీ ఇంటి సంగతి కాదు."

సమితి పుస్తకంలో 'ఒక వృద్ధురాలి మాట, ఆధారం లేదు' అని రాసుకుని, టోపీని పట్టుకుపోయారు.

పరిశోధన శాస్త్రీయంగా మొదలైంది. మనవైపు పెద్దమనుషులు వస్తున్నారంటే ముందు సున్నం కొట్టి, తర్వాతే మిగతా మాటలు మాట్లాడతాం. ఈ మర్యాద టోపీకీ వర్తించింది. పండితులు చూడబోయే వస్తువు మాసి ఉండరాదని తీర్మానించి, లోపలి గుడ్డను ఊడదీసి, టోపీని లేతు పనివాడికిచ్చి లోపలా బయటా తళతళలాడేలా గీకించి, బంగారు రంగు వేయించారు. మూలాన్ని కనుక్కోవడానికి అడ్డంగా ఉన్న అక్షరాలన్నీ దాంతో తొలగిపోయాయి.

ఆ తర్వాత పండితులను పిలిచారు. గీకక ముందు తీసిన ఫోటోలో ఎర్రమరక చూసి, మదనపల్లె లెక్చరర్ ఒకాయన కళ్ళు తుడుచుకున్నారు. అది హార్స్లీ హిల్స్‌లో విడిది చేసిన ఒక వీరుడి రక్తమని నిర్ధారించారు. మునికుమార్ ఒకసారి అమ్ముడుపోని టమోటాలను ఆ టోపీలో వేసుకుని ఇంటికొచ్చిన సంగతి ఆయన దృష్టికి ఎవరూ తీసుకురాలేదు. టోపీకి పక్కన పడిన సొట్ట ఫిరంగి గుండుదని, ఆ యుద్ధం పుంగనూరులోనే జరిగిందని లక్ష్మీపతి వాదించాడు. ఒక విధంగా నిజమే. తన్నింది పుంగనూరు ఆవు. ఎత్తు మనిషి నడుముకు రాదు గానీ, కాలు విసిరితే ఫిరంగి కన్నా తక్కువేమీ కాదు.

కానీ అందర్నీ మించినవాడు కుప్పం గ్రానైటు వ్యాపారి చెంగల్రాయుడు. ఊడదీసిన గుడ్డను ప్లాస్టిక్ సంచిలోంచే పరీక్షించి, ఏనుగులున్నాయి కనుక టోపీ కుప్పం అడవుల్లో పుట్టిందన్నాడు. ఏనుగులు నవ్వుతున్నాయే అని ఎవరో సందేహించారు. యుద్ధానికి పోతూ నవ్వడమే మనవాళ్ళ ధైర్యమని ఆయన జవాబిచ్చాడు. రామకుప్పం రైతులు మాత్రం, తమ రాగి చేలో పడే ఏనుగులు నవ్వడం ఏనాడూ చూడలేదన్నారు. వాళ్ళు పండితులు కారు. మూడు ఫలకాలకూ రాయి తానే ఇస్తానని చెంగల్రాయుడు అనగానే చరిత్రలో ఇక చిక్కులు లేకుండా పోయాయి.

ఇట్లా రెండు దినాలు ఆరు నెలలయ్యాయి. మునికుమార్ ఉత్తనెత్తితో మదనపల్లెకు పోయి వస్తున్నాడు. అతని బండి చప్పుడు వినబడేదాకా కృష్ణవేణి వాకిట్లోనే నిలబడుతోంది. పొయ్యి మీద సంగటి మూడుసార్లు మాడింది.

చివరికి శిరస్త్రాణ గౌరవ యాత్ర జరిగింది. కుప్పం నుంచి మదనపల్లె దాకా ఐదువందల మోటార్‌సైకిళ్ళు. 'తలను కాపాడిన తల్లికి వందనం' అని బ్యానర్లు. పూలు చుట్టిన వ్యానులో, అద్దాలపెట్టెలో, మఖమల్ దిండు మీద టోపీ, దాని పక్కనే ఏనుగుల గుడ్డ. ఐదువందల బండ్ల మీద వెయ్యి తలలు. కొన్నిటికి తువ్వాళ్ళు, కొన్నిటికి రిబ్బన్లు, చాలావాటికి కొబ్బరినూనె. ఆ రోజు రోడ్డు మీద ఉన్న ఒకే ఒక్క హెల్మెట్ అద్దాలపెట్టెలో క్షేమంగా ప్రయాణించింది.

పుంగనూరు సర్కిల్‌లో వేదిక కట్టారు. కృష్ణవేణి బిడ్డను చంకనేసుకుని, జనాన్ని తోసుకుంటూ వేదిక ముందుకు పోయింది. తొమ్మిదో తరగతి మధ్యలో చదువు ఆగిన మనిషికి మైకు ముందు ఎట్లా మాట్లాడాలో తెలియదు. అందుకని ఉన్న మాటే అనేసింది.

"రెండు దినాలంటిరి కదప్పా. మా ఇంటాయన ఉత్తనెత్తితో పోతాండాడు. టోపీ ఇచ్చేయండి."

"అది మీదనేదానికి ఆధారం ఉండాదామ్మా?" అన్నాడు లక్ష్మీపతి మైకులో, దయగా.

"లోపల పేరుండె."

లక్ష్మీపతి అద్దాలపెట్టె తెరిపించి, టోపీని తిరగేసి జనానికి చూపించాడు. లోపల బంగారం తప్ప ఏమీ లేదు. అప్పుడే శ్వేత పెట్టెలోకి వేలు చూపి, "అమ్మా, నా బొంత," అని ఏడుపు లంకించుకుంది.

లక్ష్మీపతి మైకు దగ్గరికి లాక్కున్నాడు. "చూశారా, పసిబిడ్డ కూడా మన వారసత్వాన్ని నాది అంటాండాది," అన్నాడు. చప్పట్లు చాలాసేపు ఆగలేదు.

వేదిక పక్కన శంకరప్ప మునికుమార్ బండిని ఆపి ఉన్నాడు. మిగతా ఐదువందలు యాత్రకు వచ్చిన బండ్లు. ఇదొక్కటే పనిమీద వచ్చిన బండి.

"నీ ఇనుపటోపీ యాడప్పా?" అన్నాడు.

మునికుమార్ వేదిక కేసి చూపించాడు. శంకరప్ప అటు చూసి, ఇటు చూసి, చలానా రాసి ఇచ్చాడు. ఈసారి నెత్తిన ఏమీ లేదని రాయడానికి ఇబ్బంది కలగలేదు.

సాయంత్రం ఇంటికి పోతూ శంకరప్పే పల్లెలో బండి ఆపాడు. స్టేషన్ మూలన దుమ్ముపట్టి ఉన్న పాత హెల్మెట్ ఒకటి కృష్ణవేణి చేతిలో పెట్టాడు. ఎక్కడిదని ఆమె అడగలేదు. ఎక్కడిదో ఆయన చెప్పలేదు.

ఆమె దాన్ని కడిగి, మేకు తీసుకుని మునికుమార్ పేరు గీసింది. లోపల కాదు, బయట, నుదుటి మీద, పెద్ద అక్షరాలతో. లోపలికి తొంగి చూసే అలవాటు మనకు లేదని ఈ ఆరు నెలల్లో ఆమెకు బాగా తెలిసొచ్చింది.