పొగకు ఎదురుగా దండెం

ఏరు పొంగి షెడ్డులో నడుంలోతు నీళ్లు నిలిచిన వరద వచ్చి అది మూడో ఏడు. ఆ పొద్దున మెకానిక్కు పెట్టుకున్న పని ఒక్కటే. రొట్టెలాయన పాత డీజిల్ వ్యాన్ పొగ చూసి, మధ్యాహ్నంలోగా బాగుచేసి పంపెయ్యడం.

"నాలుగింటికి పొగ పరీక్ష అన్నా. తప్పిందంటే బండిని రోడ్డెక్కనివ్వరు. రొట్టెలు నెత్తిన పెట్టుకుని తిరగాలి" అన్నాడు రొట్టెలాయన.

"ఊఁ" అన్నాడు మెకానిక్కు. రోజు మొత్తంలో ఆయన వాడే మాటల్లో అది సగం.

నల్లపొగ వస్తే ఇంజనుకి గాలి చాలడం లేదని, నీలంపొగ అయితే ఆయిల్ కాలుతోందని, తెల్లపొగ అయితే నీళ్లు లోపలికి దిగుతున్నాయని ఆయన లెక్క. పొగ చూసి రోగం చెబుతాడని పేరు. కానీ రెండేళ్లుగా కళ్లకి పొర కమ్మి, ఏ పొగైనా ఆయనకి మురికి పసుపే. బయటికి పొక్కితే షెడ్డుకి తాళమే. అందుకే భార్యకి కూడా చెప్పలేదు. చెప్పే అవసరమూ రాలేదు. ఆవిడ షెడ్డు వెనక దండెం మీద దుప్పట్లు ఆరేస్తుంది. ఇంజను మోగితే చాలు, "ఈ నల్లపొగంతా నా దుప్పటి మీదికే" అనో, "నీలంపొగ, పాడు కంపు" అనో అందుకుంటుంది. ఆయన విననట్టే విని స్పానర్ అందుకుంటాడు.

ఆ పొద్దున మాత్రం, మసిచేతులతో తువ్వాలు ముట్టుకున్నావని ఆవిడ సాధిస్తుంటే, "కాసేపు నోరు మూసుకోవే" అనేశాడు.

ఆవిడ మూసుకుంది.

ఆయన యాక్సిలరేటర్ తొక్కి ఇంజను రేపి చెవి ఒగ్గాడు. మాట లేదు. ఇంకాస్త రేపాడు. ఆవిడ దుప్పటి తీసుకుని లోపలికెళ్లి, ఉతికి తెచ్చి మళ్లీ ఆరేసింది, మూగనోముతో. మళ్లీ రేపాడు. మళ్లీ ఉతికింది.

విధిలేక ఆయన రొట్టెలాయన వైపు తిరిగాడు. "ఏ రంగంటావు?"

"నీలం అన్నా." షెడ్డు ముందు కట్టిన నీలం టార్పాలిన్ పట్టా నీడలో నిలబడ్డవాడికి తన చేతిలో రొట్టె కూడా నీలంగానే ఉంది.

నీలమంటే ఆయిల్. ఆయిల్ అంటే, ఇంజనులోకి గాలి నెట్టే టర్బో కారుతున్నట్టు. మెకానిక్కు టర్బో ఊడదీశాడు, చూశాడు, ఏ లోపమూ కనపడక బిగించాడు. అప్పటికి పన్నెండు. ఊడదీసినప్పుడు కారిన ఆయిల్, ఇంజను వేడెక్కగానే పొగగొట్టం మీద కాలి గుప్పున లేచింది. ఎదుటి దర్జీ అది చూసి, "నిప్పు బాబాయ్, తప్పుకో" అంటూ బకెట్టెడు నీళ్లు తెచ్చి ఇంజను మీద కుమ్మరించాడు.

"ఇప్పుడు తెల్లగా వస్తోందన్నా" అన్నాడు రొట్టెలాయన, ఆవిరి చూసి.

తెలుపంటే నీళ్లు. నీళ్లంటే ఇంజను తల విప్పాలి, రెండు రోజుల పని. మెకానిక్కు నిట్టూర్చి మొదటి బోల్టు మీద స్పానర్ పెట్టాడు. రొట్టెలాయన నెత్తి తడుముకున్నాడు, బుట్ట పడుతుందా అన్నట్టు. గంట రెండయింది.

అప్పుడు ఆవిడ దుప్పటి పట్టుకుని వచ్చింది.

"కాసేపన్నావు. కాసేపంటే ఎంతసేపయ్యా? ఈ నల్లపొగకి దీన్ని నాలుగుసార్లు ఉతికాను."

ఆయన స్పానర్ దించాడు. గాలి మోసే రబ్బరు గొట్టాన్ని టర్బో నుంచి ఇంజను దాకా వేళ్లతో తడిమాడు. కొసన, అడుగు వైపు, వేలెడు చీలిక. గొట్టం మార్చడానికి అరగంట పట్టింది. వ్యాన్ పరీక్ష గట్టెక్కిందని రొట్టెలాయన సాయంత్రం వచ్చి, రొట్టె ఇచ్చి వెళ్లాడు.

రొట్టె తుంచుకుంటూ ఆయన చాలా పెద్ద మాటే అన్నాడు. "ఇంటెనక పెరడంతా ఖాళీయే కదా. దుప్పట్లు అక్కడ ఆరేసుకోవచ్చుగా."

"ఆరేసుకోవచ్చు. నీకు రంగెవరు చెప్తారు?"

ఆయన రొట్టె నోట్లోనే ఆగింది. "ఎప్పట్నుంచి తెలుసు?"

"నా తెల్ల శాలువా చూసి, పసుపు నీకు బాగుందే అన్నావు చూడు, ఆ రోజు నుంచి. ఇద్దరం మనుషులం, రోజూ నాలుగు దుప్పట్లు ఎక్కడ మాస్తాయయ్యా? ఉతికినవే తడిపి ఆరేస్తున్నాను."

"ఊఁ" అన్నాడాయన. ఈసారి అది కాస్త తడిగా వచ్చింది.

మర్నాడు పొద్దున షెడ్డు తెరిచేముందు ఆయన దండెం విప్పి, బళ్ల పొగ వచ్చే వైపుకి ఇంకో రెండు మూరలు దగ్గరగా కట్టాడు. దుప్పట్లు కూడా తనే ఉతికాడు. తెల్లగా వచ్చాయో లేదో మాత్రం ఆవిణ్ణే అడగాల్సి వచ్చింది.