ఆర్విల్ లుండ్ కోటు

ఉమ్మితే నేల తాకేలోగా రాయయ్యే జనవరి ఉదయం. మిన్నెసోటా ఉత్తరపు మూలనున్న ఓ చిన్న కాలేజీలో లైబ్రేరియన్ మార్లిస్ టోలెఫ్సన్ ఫ్లాస్కు నిండా కాఫీతో, గుమ్మడి రొట్టెతో నేలమాళిగలోకి దిగింది. అక్కడో గదిని పరాయి దేశాల పిల్లల కోసం ఆమే పెట్టింది. వాళ్ళ కాగితాలు నింపిపెట్టడం, చలికోట్లు అరువివ్వడం, ఇల్లు గుర్తొచ్చి ఏడిస్తే రుమాలందించడం, అన్నీ అక్కడే.

అయితే పిల్లలు రావడం మానేశారు. ఆ గదిలో దీపాలు మనిషి కదిలితేనే వెలుగుతాయి. చదువుకునేవాడు కదలడు కదా! పావుగంటకోసారి చీకటి అమాంతం మింగేసేది. మధ్యాహ్నానికల్లా మెట్ల పైన గుమ్మం దగ్గర, దిగేవాళ్ళని లెక్కపెట్టే లెక్కయంత్రం యాభైమందిని చూపకపోతే ఆ గది మూసేసి మంచు ఎత్తే పారలు పెట్టిస్తానని డీన్ హాల్వర్సన్ చెప్పేశాడు.

మార్లిస్ ఉపాయం పన్నింది. అరువు కోట్లలో పొడవాటిదొకటి తీసి పుస్తకాల వరసల మధ్య కొక్కేనికి తగిలించి, కింద కొత్త ఫ్యాను పెట్టింది. కోటు ఊగుతుంటే దీపాలెందుకు ఆరుతాయి? ఇంతలో పైన ఫోను మోగితే పరుగెత్తింది.

అరగంటకి ఘనా అమ్మాయి ఎఫువా మూడేసి మెట్లు దూకుతూ పైకొచ్చిపడింది.

"ఆంటీ! కింద ఎవరో ఉన్నారు!"

"ఉండనీ తల్లీ, చోటుకేం కరువా?"

"తల లేదు ఆంటీ! బూడిదరంగు కోటు, మోచేతికి ఎర్ర అతుకు. ఊగుతోంది!"

మార్లిస్ నవ్వాపుకుంది. ఆ కోటు ఆర్విల్ లుండ్‌ది. నార్వే వంశంవాడు, నలభై ఏళ్ళు ఈ లైబ్రరీ ఊడ్చాడు. బూట్ల మంచు దులుపుకోకుండా వచ్చినవాణ్ణి, ఎంతటివాడైనా సరే, వేలు చూపి వెనక్కి పంపేవాడు. నిరుడు పోయాడు. ఆయన భార్య కోటు తెచ్చిచ్చింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే చూపు లెక్కయంత్రం మీద పడింది: మూడు.

నిజాన్ని కాఫీతోపాటు మింగేసింది. "ఆర్విల్ అయ్యుంటాడమ్మా. మంచివాడులే."

ఇంకేముంది! పదింటికి కోటుకి తల మొలిచింది. పదిన్నరకి రెండో తల. పదకొండుకి అది నార్వే భాషలో దగ్గిందని చెప్పుకున్నారు. మెట్లమీద వరస కట్టారు జనం. వియత్నాం పిల్ల థావ్ నారింజపండు పెట్టి మూడు అగరొత్తులు వెలిగించింది.

"ముసలాయన్ని పస్తుంచుతారా? మర్యాద తెలీదూ?"

"ముందు నీళ్ళు పొయ్యాలే! మీ ఇంట్లో పెద్దలు లేరా?" అంటూ ఎఫువా నేలమీద చెంబెడు నీళ్ళు ధారపోసింది.

పొగ కప్పుకి తగిలింది. గంటలు గొల్లుమన్నాయి. అగ్నిమాపక బండి వచ్చింది. కాలేజీ కాలేజీ అంతా మంచులో నిలబడి చలికి పళ్ళు టకటకలాడించింది.

"నిప్పు పెట్టిందెవరు?" డీన్ కేకేశాడు. "వాళ్ళని రేపే స్వదేశం పంపిస్తా!"

థావ్ మొహం సున్నం కొట్టినట్టయింది. ఇక మార్లిస్ వల్ల కాలేదు.

"పిల్లల్ననకండి డీన్‌గారూ. తప్పు నాది. దయ్యమూ లేదు, పాడూ లేదు. కోటు తగిలించింది నేను, ఊపేది ఫ్యాను. రండి, చూపిస్తా."

ఇద్దరూ దిగారు. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. కోటు మెల్లగా, ఊపిరి తీస్తున్నట్టు ఊగుతోంది.

"ముందు దాన్ని ఆపండి," అన్నాడు డీన్.

మార్లిస్ వంగి ఫ్యాను తీగ పట్టుకుంది. కొన్ననాటి చుట్ట చుట్టినట్టే ఉంది. కట్టు కూడా విప్పలేదు.

ఫోను మోగిన హడావుడిలో ప్లగ్గు పెట్టనేలేదు. అంతలో కోటు కుడిచెయ్యి నెమ్మదిగా లేచింది. డీన్ బూట్ల కింద కరుగుతున్న మంచు మడుగు వైపు చూపింది. అక్కణ్ణుంచి మెట్ల వైపు.

డీన్ మెట్లెక్కి, గుమ్మంలోని కాళ్ళపట్టామీద బూట్లు రెండుసార్లు తుడుచుకున్నాడు.

"గది... ఉండనీండి," అన్నాడు పైనుంచే. "ఆ పిల్లనీ."

మర్నాడు ఆ తలుపుకి కొత్త పలక వేలాడింది: "తొమ్మిది నుంచి అయిదు. సిబ్బంది ఇద్దరు. బూట్లు తుడుచుకుని రండి."