నాలుగో నంబరు కుర్చీ ఎడమ చక్రం

ఏ ధర్మసంస్థ అయినా రెండు స్తంభాల మీద నిలబడుతుంది. ఒకటి, నలుగురికీ మేలు చేయాలనే మంచి మనసు. రెండోది, ఆ మేలు ఎలా జరిగిందో మేలు పొందినవాళ్లు నోరు విప్పి చెప్పకపోవడం. మొదటి స్తంభం కాస్త ఒరిగినా ఫరవాలేదు గాని, రెండోది కదిలితే కప్పు నెత్తిన పడుతుంది.

ఈ సత్యం ఇనుప సామాన్ల షావుకారుకు తెలిసినంతగా ఆ పేటలో ఇంకెవరికీ తెలియదు. ముప్పై ఏళ్లుగా మేకులు, బోల్టులు, గొళ్లాలు అమ్ముతున్న మనిషి. గడప ఎక్కే తీరు చూసి, వచ్చినవాడు కొంటాడో, ఊరికే చెయ్యి పెట్టి కెలికి పోతాడో చెప్పగలడు. రోగులకు చక్రాల కుర్చీలు, చేతికర్రలు వాడుకోవడానికిచ్చే సేవాసంఘం తన ఆన్‌లైన్ చర్చావేదికను ఆయన చేతిలో పెట్టినప్పుడు, కొత్త కొట్టు స్వాధీనం చేసుకున్నవాడు ఏం చేస్తాడో అదే చేశాడు. ముందు సరుకు లెక్కపెట్టాడు.

సభ్యులు మూడు వందల పన్నెండు. అందులో నోరున్నవాళ్లు పంతొమ్మిది. శుభోదయాలు రోజుకు నూట నలభై (ఆదివారం కాస్త ఎక్కువ). చేతులు జోడించిన బొమ్మలు, చప్పట్లు, గులాబీలు గోడౌను పట్టనన్ని. చక్రాల కుర్చీలు ఆరు. విమర్శలు సున్నా.

"సున్నా అంటే మాటలు కాదు," అన్నాడు భార్యతో. "ఎంత పెద్ద కొట్టయినా ఆ అంకె చూపించలేదు."

ఆవిడ గల్లా పక్కన కూర్చుని స్క్రూలు తూకం వేస్తోంది. "ఎవరైనా అడిగితే కదండీ చెప్పడానికి," అంది.

ఆ సున్నా సరిగ్గా పదకొండు రోజులు బతికింది. పన్నెండో రోజు, మంగళవారం పొద్దున పది నలభైకి, పేట చివర బట్టలు కుట్టే అమ్మాయి వేదిక మీద ఇలా రాసింది:

"మాకిచ్చిన నాలుగో నంబరు కుర్చీకి ఎడమ చక్రం ఊగుతోంది. నాన్నకు మోకాలి ఆపరేషన్ అయింది. ఈ ఆరు వారాలూ వ్యాయామానికి తీసుకెళ్తేనే కాలు వంగుతుందని, లేకపోతే అలాగే బిగుసుకుపోతుందని డాక్టరమ్మ చెప్పింది. మా సందులోకి బండి రాదు. ఎవరైనా కుర్చీ ఒకసారి చూస్తారా?"

వేదిక వెంటనే కదిలింది. అరగంటలో ఇరవై ఆరు జతల చేతులు జోడించబడ్డాయి. ఒక గులాబీ వచ్చింది. చదవకుండా స్పందించడంలో చెయ్యి తిరిగిన సభ్యుడొకాయన 'ఆపరేషన్' అన్న మాట దాకా మాత్రం చూసి, "వారి ఆత్మకు శాంతి కలుగుగాక" అని రాశాడు. ఆయన వెనకే మరో పదకొండు మంది శాంతి పలికారు. ఆ పన్నెండు శాంతుల్నీ దర్జీ అమ్మాయి నాన్న మంచం మీద కూర్చుని, కళ్లజోడు సర్దుకుని, స్వయంగా చదువుకున్నాడు. (అందులో ఇద్దరు తన దగ్గర చదివిస్తామని పట్టుకెళ్లిన పుస్తకాలు ఇంకా తిరిగివ్వలేదని కూతురికి గుర్తుచేశాడు.)

చక్రం చూడటానికి మాత్రం ఎవరూ రాలేదు.

కొట్టు నడిపేవాడికి ఒక సూత్రం ఉంటుంది. గడప మీద నిలబడి గొంతు పెంచినవాణ్ని ముందు లోపలికి పిలవాలి. కూర్చోబెట్టాలి. మంచినీళ్లివ్వాలి. వాడి వస్తువు బాగుచేయడం తర్వాతి సంగతి, ముందు వీధిలోవాళ్లకు వినపడకూడదు. షావుకారు వెంటనే వేదిక సహనిర్వాహకుడైన రిటైర్డ్ పోస్టుమాస్టరుకు ఫోను చేశాడు. నలభై ఏళ్లు ముద్రలు కొట్టిన చెయ్యి అది. రిటైరయ్యాక కొట్టడానికేమీ దొరక్క దురద పెడుతోంది.

"షావుకారు గారూ, ఇది ఒక చక్రంతో పోదు," అన్నాడు పోస్టుమాస్టరు. "ఇవాళ ఎడమది అన్నారు. మనం ఊరుకున్నామనుకోండి, రేపు కుడిది అంటారు."

"ఏం చేద్దామంటారు?"

"చేయడం తర్వాత. ముందు ఏం చేయాలో నిర్ణయించే విధానం ఒకటి ఉండాలి కదా."

ఆ విధంగా 'విమర్శల స్వీకరణ, వర్గీకరణ, చల్లార్పు నియమావళి' పుట్టింది. దాని ప్రకారం వేదికకు వెనకవైపు 'విమర్శల గది' అని ఒకటి కట్టారు. అందులోకి విమర్శించేవాళ్లు ఒక్కొక్కరే వెళ్లాలి. లోపల ఏం రాసినా బయటివాళ్లకు కనిపించదు. (నిర్వాహకులకు కూడా మొదటి వారం కనిపించలేదు. దాని పాస్‌వర్డ్ ఎక్కడ రాసిపెట్టాడో పోస్టుమాస్టరుకు గుర్తు రాలేదు.) గదిలోకి వెళ్లాలంటే పద్నాలుగు ప్రశ్నల ఫారం నింపాలి. విమర్శ రాసే ముందు నీళ్లు తాగారా అన్నది మూడో ప్రశ్న. విమర్శించదలచిన వస్తువుతో మీకు పాత తగాదాలేమైనా ఉన్నాయా అన్నది ఏడోది.

దర్జీ అమ్మాయి కుట్టుమిషను పక్కన పెట్టుకుని పద్నాలుగూ నింపింది. నీళ్లు తాగానంది. చక్రంతో తగాదాలు లేవంది.

ఆ గురువారం ఆమె గుడ్డపీలికతో చక్రాన్ని ఇరుసుకు కట్టి, నాన్నను తోసుకుంటూ బయల్దేరింది. బోల్టు బిగించే వీలు ఆమెకు లేదు. కుర్చీకి వేలాడుతున్న అట్ట మీద "ఇది సంఘం సొత్తు. లబ్ధిదారులు విప్పరాదు, బిగించరాదు, తిరిగి అడిగినప్పుడు కాదనరాదు" అని ఉంది. సందు మలుపు దగ్గర పీలిక తెగింది. కుర్చీ పక్కకు ఒరిగింది. ఆయన ఆపరేషన్ అయిన కాలే నేల మీద మోపాడు. ఇంటికి తెచ్చి పడుకోబెట్టాక, "చక్రం బాగయ్యేదాకా నన్ను ఇందులో కూర్చోమనకమ్మా. పన్నెండు మంది ఎలాగూ శాంతి చెప్పేశారు. వాళ్ల మాట నిజం చేయడం నాకిష్టం లేదు," అన్నాడు.

అటు ఫారం పరిశీలనకు వచ్చింది. ఎడమ చక్రం అన్నారు సరే, ఎవరి ఎడమ అని పోస్టుమాస్టరుకు సందేహం. కూర్చున్నవారి ఎడమా, తోసేవారి ఎడమా, ఎదురొచ్చేవారి ఎడమా? కూర్చున్నవారిదీ తోసేవారిదీ ఒకటేనని తేలడానికి నాలుగు రోజులు పట్టింది. ఎదురొచ్చేవారి అభిప్రాయం సేకరించడానికి మరో అయిదు.

"ఏమండీ," అంది భార్య ఒక మధ్యాహ్నం, బేరాల్లేని వేళ. "ఆ కుర్చీకి ఇప్పుడేం కావాలి?"

"విధానం."

"బోల్టు కాదా?"

"బోల్టు చివరి మెట్టే. దానికంటే ముందు చాలా ఉన్నాయి."

"ఆ చివరి మెట్టు మన మూడో సొరుగులో ఉంది. వెళ్లి బిగించి వస్తే పావుగంట పని."

షావుకారు లెక్కల పుస్తకం తెరిచాడు.

"ఆ ఆరు కుర్చీలూ బిగించింది మీరేగా?" అంది ఆవిడ.

"అందుకే," అన్నాడు.

ఆవిడ తలెత్తి ఒక్కసారి చూసి, మళ్లీ తక్కెడ మీదికి వంగింది.

నిజానికి షావుకారు చెడ్డవాడు కాడు. ఆరు కుర్చీలూ డబ్బాల్లో విడిభాగాలుగా వస్తే, కూలి తీసుకోకుండా తన కొట్టు వెనకే కూర్చుని బిగించాడు. నాలుగోది బిగిస్తున్నప్పుడు గుత్తేదారు వచ్చి రెండు బస్తాల మేకులకు బేరం పెట్టాడు. బేరం కుదిరింది. చక్రం సంగతి మరిచాడు. తర్వాత సంఘం పెట్టిన మెచ్చుకోలు సభలో ఆ కుర్చీ మీదే ఆయన్ని కూర్చోబెట్టి దండ వేశారు. ఇప్పుడు పానా పట్టుకుని ఆ ఇంటికి వెళ్తే సందంతా చూస్తుంది. బోల్టు బిగుస్తుంది, పరువు వదులవుతుంది. లాభనష్టాలు వేసి చూసుకుంటే విధానమే చవక.

మూడో వారంలో ఆయనకే ఒక ఆలోచన తట్టింది. కొట్లో మూడు డబ్బాల రంగు కొన్నవాడికి ఒక కుంచె ఉచితం. వేదికలోనూ మూడు మెచ్చుకోళ్లు రాసినవారికి ఒక విమర్శ అనుమతిద్దాం. పోస్టుమాస్టరు ఫోనులోనే చప్పట్లు కొట్టాడు.

దర్జీ అమ్మాయి ఆ రాత్రే రాసింది: "కుర్చీ సీటు మెత్తగా ఉంది. చేతులు ఆనించుకునే చోటు బాగుంది. కుడి చక్రం చాలా బాగుంది."

మూడోదాన్ని పోస్టుమాస్టరు కొట్టేశాడు. కుడి చక్రాన్ని ప్రత్యేకించి మెచ్చుకోవడంలో ఎడమ చక్రం పట్ల గూఢమైన విమర్శ ఉందని, ఇది మెచ్చుకోలు కింద జమ కాదని, పైగా ఒక విమర్శను ముందే వాడేసుకున్నట్టు లెక్క అని తీర్పు చెప్పాడు. ఇప్పుడామె నాలుగు మెచ్చుకోళ్లు బాకీ (వాడేసిన విమర్శకు ఒకటి, అసలు విమర్శకు మూడు).

వేదిక సభ్యుల్లో కొందరి దగ్గర మెచ్చుకోళ్లు మూలుగుతున్నాయి. రోజూ గులాబీలు పంపే ఒక పెద్దావిడ తన ఖాతాలో తొంభై ఉన్నాయని, ఆ పిల్లకు నాలుగు ఇచ్చేస్తానని ముందుకొచ్చింది. మెచ్చుకోలు బదిలీ చేయొచ్చా అన్న ప్రశ్న లేచింది. ఇద్దరు సాక్షులతో చేయొచ్చని వారం తర్వాత తేల్చారు. సాక్షులిద్దరూ మెచ్చుకోలును కళ్లారా చూసినవాళ్లయి ఉండాలన్నారు. పెద్దావిడకు విసుగొచ్చి, నియమావళి మీదే ఒక మాట అనబోయి, దానికి తన తొంభైలో మూడు ఖర్చవుతాయని తెలిసి మానుకుంది.

చక్రం సంగతి రాసిన ముప్పై ఆరో రోజున దర్జీ అమ్మాయి కొట్టుకు వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే ఉంది.

"అన్నయ్యా, ఒక బోల్టు కావాలి," అంది. గుప్పిట విప్పి, కాగితం మీద సుద్దతో గీసిన కొలత చూపించింది. దర్జీ కొలత, వెంట్రుకవాసి తేడా లేదు.

షావుకారుకు కాగితం చూసిన క్షణంలో దేనికో తెలిసింది. అడగలేదు. మూడో సొరుగు లాగి బోల్టు తీశాడు. "ఒట్టి బోల్టయితే ఆగదమ్మా. రెండువైపులా వాషరు వెయ్యి. బిగించాక ఒక చుక్క నూనె. పానా ఉందా? లేకపోతే ఇది పట్టుకెళ్లి రేపివ్వు."

అంతా కలిపి రెండు నిమిషాలు. ఆమె బోల్టును అరచేతిలో అటూ ఇటూ తిప్పింది.

"ముప్పై ఆరు రోజుల్నుంచి అడుగుతున్నాను, అన్నయ్యా."

"అక్కడ నేను నిర్వాహకుణ్ని, తల్లీ. ఇక్కడ కొట్టువాణ్ని."

"మొదటిరోజే ఇక్కడికొచ్చి అడిగుంటే?"

"ఇచ్చేవాణ్ని. కొట్లో అడిగితే అది విమర్శ కాదు, బేరం."

"మరి ఆ ముక్క ఫారంలో ఎక్కడా లేదే," అంది ఆమె. కోపంగా కాదు. కుట్టు తప్పిన చోట దారం ఎక్కడ తెగిందో వెతికే గొంతుతో అంది.

కుర్చీకి వేలాడే అట్టను వెనక్కి తిప్పేసి, ఆ సాయంత్రమే ఆమె చక్రం బిగించింది. ఆమె మర్యాద తెలిసిన మనిషి కనక వేదిక మీద, "చక్రం బాగయింది. అందరికీ ధన్యవాదాలు," అని రాసింది. పోస్టుమాస్టరు పది నిమిషాల్లో తీసేశాడు. బాగయింది అంటే అంతకు ముందు బాగాలేదని బహిరంగంగా ఒప్పుకున్నట్టేనని, పైగా ఎవరు బాగుచేశారన్న ప్రశ్నకు తావిస్తుందని, ఆమె ఖాతాకు వారం రోజుల విశ్రాంతి ఇచ్చాడు. (శిక్ష అనే మాట నియమావళిలో లేదు.)

విశ్రాంతి ముగిసిన రోజు ఆమె వేదికలో మరో ఫారం నింపింది. ఈసారి విమర్శ కాదు, విన్నపం. "కాలు ఇక వంగదని డాక్టరమ్మ చెప్పింది. ఆరు వారాలకని తీసుకున్న కుర్చీ ఇంకా ఉంచుకోవచ్చా?"

విన్నపాలకు నియమావళి అడ్డు లేదు. పదకొండు నిమిషాల్లో అనుమతి వచ్చింది. సంఘం చరిత్రలో ఇంత వేగంగా ఏ పనీ జరగలేదని పోస్టుమాస్టరు ప్రకటించాడు. నలభై ఒక్క జతల చేతులు జోడించబడ్డాయి.

షావుకారు ఆ విన్నపం కొట్లో కూర్చుని చదివాడు. ఫోను భార్య చేతికిచ్చాడు. ఆవిడ చదివి, తిరిగి ఆయన ముందు పెట్టింది.

"బిగియాల్సిన చక్రం ఊగింది," అంది. "వంగాల్సిన మోకాలు బిగిసింది."

షావుకారు మూడో సొరుగు లాగి కాసేపు అందులోకి చూశాడు. ఆ సైజు బోల్టులు ఇంకా రెండు గుప్పిళ్లున్నాయి. సొరుగు మూసి, వార్షిక నివేదిక రాయడానికి కూర్చున్నాడు. పుచ్చుకున్ననాడు ఏ వరసలో సరుకు లెక్కపెట్టాడో, అదే వరసలో అప్పజెప్పాడు.

సభ్యులు మూడు వందల ఇరవై. నోరున్నవాళ్లు తొమ్మిది. శుభోదయాలు రోజుకు నూట అరవై. చేతులు, చప్పట్లు, గులాబీలు లెక్కకు అందవు. చక్రాల కుర్చీలు ఆరు, అన్నీ మంచి స్థితిలో. విమర్శలు సున్నా. శాశ్వత లబ్ధిదారులు: నిరుడు ఎవరూ లేరు, ఈ ఏడాది ఒకరు.