రాని తుఫానుకు అరవై శాతం

వాతావరణ కార్యాలయంలో పదకొండేళ్లుగా లెక్కలు కట్టేది లెక్కలాయన, సంతకం పెట్టేది డైరెక్టరు. ఈ ఏడు మాత్రం సీజను అంచనా కింద లెక్కలాయన సంతకమే ఉండబోతోంది. పెను తుఫాను వచ్చే అవకాశం పది శాతమని తేల్చారు. సాయంత్రం పత్రికలకు ఇవ్వాలి. ఆ సంబరంలో, భార్య మూడేళ్లుగా పోరుతున్న పనికి పొద్దున్నే వడ్రంగిని పిలిచారు.

"వంటింటి కిటికీ గొళ్లెం ఊడింది. గట్టిగా బిగించు. మళ్లీ జన్మలో ఊడకూడదు," అని చెప్పి ఆఫీసుకు బయల్దేరారు.

ఎదురింటి రిటైర్డ్ మాస్టారు పేపరు దించి చూశారు. తుఫానుల గుట్టు తెలిసిన మనిషి కిటికీలు బిగిస్తున్నాడు! మాస్టారు పేపరు అక్కడే పడేసి పరుగెత్తారు. వడ్రంగిని గేటు దగ్గరే పట్టుకున్నారు.

"ఏమయ్యా, లోపల ఏం చెప్పారు?"

"గట్టిగా బిగించమన్నారండీ. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు."

"అనరు. గవర్నమెంటు ఉద్యోగి, నోరెలా విప్పుతాడు? ముందు మా ఇంటికి రా!"

పదింటికల్లా వీధి వీధంతా సుత్తుల మోత. మధ్యాహ్నానికి కొట్లలో మేకులూ కొవ్వొత్తులూ నిండుకున్నాయి. ఆ హడావుడి చూసి బడికి సెలవిచ్చారు. బడికే సెలవిచ్చారంటే నిజమే అయ్యుంటుందని, అంతవరకూ నమ్మనివాళ్లు కూడా నమ్మేశారు.

మూడింటికి డైరెక్టరు లెక్కలాయన్ని పిలిచి ఒంటికాలి మీద లేచారు.

"మా ఆవిడ ఫోన్ చేసింది. ఊళ్లో ఒక్క కొవ్వొత్తి దొరకట్లేదట! నాకు పది శాతమని చెప్పి, మీ ఇంట్లో కిటికీలు బిగించుకుంటారా?"

"గొళ్లెం ఊడింది సార్!"

"ఊరందరికీ ఇవాళే ఊడిందా?"

"నలభై ఏళ్ల రికార్డులు చూసి కట్టిన లెక్క సార్ అది."

"రికార్డులు ఎవరు చూశారయ్యా? మీ కిటికీని ఊరంతా చూసింది!"

డైరెక్టరు పది కొట్టేసి అరవై రాశారు. కింద తనే సంతకం గీకేశారు. పదకొండేళ్లు ఎదురుచూసిన జాగా క్షణంలో నిండిపోయింది. లెక్కలాయనకు ఏడుపొక్కటే తక్కువ.

సీజను గడిచిపోయింది. పెను తుఫాను మాట దేవుడెరుగు, తీగ మీద ఆరేసిన చొక్కా కూడా ఎగరలేదు. తన లెక్కే నెగ్గిందని లెక్కలాయన కాలరు సర్దుకుని ఆఫీసుకు వెళ్లారు. అక్కడ మాస్టారు, ఊరి పెద్దలను వెంటబెట్టుకొచ్చి, డైరెక్టరు రెండు చేతులూ పట్టుకుని ఉన్నారు.

"మీరు ముందే హెచ్చరించబట్టి సార్, ఊళ్లో ఒక్క పెంకు కదల్లేదు!"

లెక్కలాయన టేబుల్ మీద మెమో ఉంది. ఇంతటి ప్రమాదాన్ని పది శాతమని తక్కువ చేసి చూపినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. పది శాతంతో రాని తుఫాను కన్నా అరవై శాతంతో రాని తుఫాను చాలా పెద్దదని ఆయనకు అప్పుడు తెలిసింది.