పార్కింగ్ బోర్డు మీద బల్లకట్టు

ప్రజాస్వామ్యంలో అన్నిటికన్నా కష్టమైన పని ప్రజలను సంపాదించడం. చట్టాలు కావలసినన్ని దొరుకుతాయి, కమిటీలు వద్దన్నా పుట్టుకొస్తాయి, కాఫీ యంత్రాలు టెండరు పిలిస్తే వస్తాయి. ప్రజలు మాత్రం సరైన పాళ్ళలో దొరకరు.

ఈ సత్యం సీమాంతర పౌరసంకల్ప రూపకల్పన సభకు ఆ ఏడాది ఫిబ్రవరిలో తెలిసివచ్చింది. (ఆ సభ పేరు ఇరవై నాలుగు భాషల్లో ఉంది. ఏ భాషలోనూ ఒక్క గుక్కలో పలకడానికి వీలుకాదు.) ఒక దేశం హద్దు దాటిన కోరికను పౌరులు నేరుగా యూరప్ ముందు పెట్టుకునే పద్ధతి ఎలా ఉండాలో పౌరుల చేతనే తయారు చేయించాలని ఆ సభ సంకల్పం. అందుకు లాటరీ తీసి నూట నలభై తొమ్మిది మందిని ఎంపిక చేసింది. నూట యాభైయో కుర్చీలో అరవై దాటిన మగవాడు, పల్లెటూరివాడు, యూరప్ గురించి మంచి గానీ చెడు గానీ ఏ అభిప్రాయమూ లేనివాడు కూర్చోవాలి. పదకొండు దేశాల్లో గాలించారు. అరవై దాటిన మగవాళ్ళు కోకొల్లలు. అభిప్రాయం లేనివాడు ఒక్కడూ తగల్లేదు.

స్లోవేనియాలో మూరా నది ఒడ్డున స్పోద్ని బ్రోద్ అనే పల్లెలో లుద్విక్ సెవర్ ఇంటి ఫోను మోగినప్పుడు ఆయన చేతిలో కోళ్ళ దాణా బకెట్టు ఉంది, కాళ్ళ చుట్టూ పద్నాలుగు కోళ్ళున్నాయి. యూరప్ మీద మీ అభిప్రాయం అనుకూలమా, ప్రతికూలమా అని అవతలి అమ్మాయి అడిగింది. ప్రస్తుతానికి ఏమీ లేదండీ అన్నాడు లుద్విక్. ఆ అమ్మాయి గొంతు ఆనందంతో వణికింది.

సంగతి విని ఆయన భార్య జింకా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "లాటరీలో జనానికి టీవీలొస్తాయి. ఈ లాటరీలో వాళ్ళకి నువ్వొచ్చావా?" అంది. కాసేపు ఆలోచించి, "సర్లే, వెళ్ళు. వెళ్ళి బల్లకట్టు సంగతి చెప్పు" అంది.

బల్లకట్టు సంగతి ఇది. మూరా అక్కడ ఎనభై మీటర్ల వెడల్పు. అవతలి ఒడ్డు ఆస్ట్రియా, అక్కడి పల్లె ఊఫెర్‌డోర్ఫ్. రెండు ఒడ్ల మధ్య ఉక్కుతాడు కట్టి, దాన్ని పట్టుకుని నడిచే బల్లకట్టును ఇరవై ఆరేళ్ళు లుద్విక్కే నడిపాడు. రెండేళ్ళ క్రితం తాడుకు భద్రతా పరీక్ష వచ్చింది. ఇవతలి అధికారులు నది మధ్య వరకు పరీక్షించి బాగుందన్నారు. అవతలి అధికారులు వాళ్ళ వైపు నుంచి మధ్య వరకు పరీక్షించి బాగుందన్నారు. సరిగ్గా సరిహద్దు గీత మీద ఉన్న జానెడు తాడు ఎవరి పరిధిలోకీ రాలేదు. పరీక్షించని తాడు మీద మనుషులను దాటించడం నేరం కనుక బల్లకట్టును ఒడ్డుకు లాగి గొలుసు వేశారు. మామూలు పడవలకు ఆ ప్రవాహం లొంగదు.

జింకా అక్క రోజికా ఊఫెర్‌డోర్ఫ్ అబ్బాయిని చేసుకుని అక్కడే స్థిరపడింది. భర్త పోయాడు, కొడుకు దూరంగా గ్రాజ్ నగరంలో ఉంటాడు. ఒంటరిది, మోకాళ్ళు పనిచేయవు. వంతెన మీదుగా వెళ్తే ఇరవై మూడు కిలోమీటర్లు. జింకా వారానికి రెండుసార్లు సైకిలు మీద సూప్ గిన్నె కట్టుకుని వెళ్ళేది. మిగతా రోజుల్లో అక్కాచెల్లెళ్ళిద్దరూ చెరో ఒడ్డునా నిలబడి, ఒకరినొకరు చూసుకుంటూ, ఫోన్లో మాట్లాడుకునేవారు.

మార్చిలో జరిగిన మొదటి సమావేశంలో లుద్విక్‌ను తొమ్మిదో బల్ల దగ్గర కూర్చోబెట్టారు. చెవిలో అనువాదకుల మాట వినిపించే యంత్రం పెట్టారు. పక్కన మాల్టా నుంచి వచ్చిన చెన్సు అనే రొట్టెల వ్యాపారి. ఆయన దేశంలో నదులు లేవు. లుద్విక్ బల్లకట్టు కథంతా శ్రద్ధగా విని, నీళ్ళు ఎప్పుడూ ఒకే వైపుకు పోతాయా అని అడిగాడు. పోతాయన్నాడు లుద్విక్. చెన్సు చాలాసేపు దాని గురించే ఆలోచించాడు. ఆయనకూ ఒక బాధ ఉంది. సిసిలీలో కట్టించుకున్న పళ్ళ సెట్టు వదులైంది. ఆ గ్యారంటీ మాల్టాలో చెల్లదన్నారు. అందుకని మూడేళ్ళుగా తన రొట్టెలు తానే తినలేకపోతున్నాడు.

లుద్విక్ లేచి బల్లకట్టు గురించి చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సమన్వయకర్త గోడెలీవ్ మాస్ చిరునవ్వుతో దగ్గరకొచ్చింది. (ఆమెకు చిరునవ్వులో డిప్లొమా ఉందని తర్వాత చెన్సు కనిపెట్టాడు.)

"చాలా విలువైన మాట చెప్పారు లుద్విక్ గారూ. కాకపోతే ఇది విషయం. మనమిక్కడ విషయాలు మాట్లాడుకోం. విషయాలు ఏ దారిలో రావాలో ఆ దారి గీస్తాం."

"దారి గీశాక విషయం అందులోంచి వస్తుందా అమ్మా?"

"అది ఇంకో సభ చూసుకుంటుందండీ" అందామె.

బల్లకట్టు అన్న మాటను పసుపు చీటీ మీద రాసి గోడకున్న ఒక బోర్డుకు అంటించింది. దాని పేరు పార్కింగ్ బోర్డు. దారికి అడ్డమొచ్చిన విషయాలను అక్కడ గౌరవంగా నిలిపి ఉంచుతారు. సాయంత్రానికి చెన్సు పళ్ళ సెట్టు కూడా బల్లకట్టు పక్కనే నిలబడింది. రెండో రోజుకు బోర్డు నిండింది, ఇంకో బోర్డు తెప్పించారు. దారి గీయవలసిన తెల్ల బోర్డు మీద మాత్రం "భాగస్వామ్యం" అన్న ఒక్క మాట ఉంది, పక్కన ప్రశ్నార్థకం.

లుద్విక్ మొండివాడు. ఇరవై ఆరేళ్ళు ప్రవాహానికి అడ్డంగా పనిచేసినవాడు. సభ ఇచ్చిన రెండు వందల పన్నెండు పేజీల పుస్తకాన్ని రైల్లో చదివాడు, ఇంట్లో చదివాడు, కోళ్ళ దగ్గర గట్టిగా చదివాడు. ఇప్పటి నియమం ప్రకారం ఒక కోరిక యూరప్ చెవిన పడాలంటే కనీసం ఏడు దేశాల వాళ్ళు, మొత్తం పది లక్షల మంది సంతకం పెట్టాలని తెలుసుకున్నాడు. స్పోద్ని బ్రోద్‌లో ఉన్నది నాలుగు వందల పన్నెండు మంది.

మే నెలలో రెండో సమావేశంలో ఆయన విషయం మాట్లాడలేదు. దారే మాట్లాడాడు. రెండు దేశాల మధ్య ఉన్న సంగతికి ఆ రెండు ఒడ్ల జనం సంతకాలు చాలనీ, అవి అందిన అరవై రోజుల్లో రెండు ప్రభుత్వాలూ కలిసి ఒకే జవాబు ఇవ్వాలనీ ప్రతిపాదించాడు. అనువాదకులు ఒక క్షణం తడబడ్డారు. (అర్థమయ్యే వాక్యాన్ని అనువదించి వాళ్ళకు చాలాకాలమైంది.) ప్రాథమిక ఓటింగులో నూట ముప్పై ఎనిమిది మంది చేతులెత్తారు.

ఆ సాయంత్రం గోడెలీవ్ ఆయనను కాఫీకి పిలిచింది. ఈసారి చిరునవ్వు పలచగా ఉంది. మధ్యంతర సర్వేలో లుద్విక్‌కు అభిప్రాయం ఏర్పడినట్టు తేలిందని చెప్పింది. అభిప్రాయం లేని అరవై దాటిన పల్లెటూరి మగవాడి కుర్చీ దాంతో సాంకేతికంగా ఖాళీ అయింది. అది ఖాళీ అయితే సభ ప్రజలకు ప్రతిబింబం కాదు. ప్రతిబింబం కాని సభ చేసిన సిఫారసులేవీ చెల్లవు, ఆయన ప్రతిపాదనతో సహా.

"అంటే, వినమని పిలిచారు, విన్నాను. చదవమన్నారు, చదివాను" అన్నాడు లుద్విక్.

"అందుకు మీకు కృతజ్ఞతలండీ. ఇబ్బంది కూడా అక్కడే వచ్చింది" అందామె.

ఆమె మంచిది. ఒక ఉపాయం చెప్పింది. చివరి సమావేశంలో ఇంకో సర్వే ఉంటుంది. అందులో మళ్ళీ ఏ అభిప్రాయమూ లేదని టిక్కు పెడితే కుర్చీ నిలబడుతుంది, కుర్చీతో పాటు ప్రతిపాదన కూడా నిలబడుతుంది. అయితే అభిప్రాయం లేనివాడు ప్రతిపాదన తరఫున మాట్లాడకూడదు. మాట్లాడితే ఉందని తెలిసిపోతుంది.

జూన్‌లో ఆయన టిక్కు పెట్టాడు. ఆయన కుర్చీలో నోరు మూసుకుని కూర్చుంటే, ఆయన వాక్యానికి చుట్టూ సవరణలు జరిగాయి. రెండు అన్నది చిన్న సంఖ్య కనుక ఏడు చేశారు. నది అంటే నదులు లేని దేశాలకు అన్యాయం కనుక "జలసంబంధమైన అంతరం" అన్నారు. జవాబు అన్న మాటను "స్పందన"గా మార్చి, అరవై రోజులను "సముచిత కాలం" చేశారు. లుద్విక్ రెండుసార్లు లేవబోయాడు. రెండుసార్లూ చెన్సు ఆయన చొక్కా పట్టుకుని కిందికి లాగాడు.

"కూర్చో. నీకు అభిప్రాయం లేదు" అన్నాడు చెవిలో.

సిఫారసు ఏకగ్రీవంగా నెగ్గింది. దాని ప్రకారం యూరప్ మొత్తంలో ఏడు దేశాలను తాకి అర్హత పొందిన నది డాన్యూబ్ ఒక్కటే. అది దరఖాస్తు పెట్టుకోలేదు.

చివర్లో చెన్సు లేచి, పార్కింగ్ బోర్డుల మీది చీటీలను చెత్తబుట్టలో వేయడం బాగుండదనీ, ఒక్కొక్కదాన్నీ ఎవరో ఒకరు వెళ్ళి చూసిరావాలనీ అన్నాడు. భోజనాల వేళ కావడంతో అది కూడా నెగ్గింది.

లుద్విక్ ఇల్లు చేరేసరికి జింకా వంటింట్లో ఊరికే కూర్చుని ఉంది. పొయ్యి మీద ఏమీ లేదు. రెండు రోజుల క్రితం రోజికా స్నానాల గదిలో పడిందనీ, తెల్లారేదాకా అలాగే ఉందనీ, కొడుకొచ్చి గ్రాజ్‌లో వృద్ధుల ఆశ్రమానికి తీసుకెళ్ళాడనీ చెప్పింది. ఒడ్డున ఎంతసేపు నిలబడినా అక్క బయటికి రాక, ఫోనూ ఎత్తకపోతే తనే ఆ కొడుక్కి ఫోన్ చేసిందట.

"ఇక్కణ్ణించి ఆవిడ కిటికీ కనబడుతూనే ఉంది లుద్విక్" అంది. ఆయన కోటు విప్పకుండానే ఆమె పక్కన కూర్చున్నాడు.

సెప్టెంబరులో బల్లకట్టు చీటీ సంగతి చూడటానికి మనుషులొచ్చారు. ఇవతలి ఒడ్డున ఒకరు, అవతలి ఒడ్డున ఒకరు, ఇద్దరికీ ఆకుపచ్చ కోట్లు, మడత కుర్చీలు. పద్నాలుగు రోజులు కూర్చుని, నది దాటవలసిన అవసరం ఎంతమందికి ఉందో లెక్కపెట్టడం వాళ్ళ పని. రెండో రోజు జింకా ఇవతలి ఆయన దగ్గరికి వెళ్ళింది. "నన్ను రాసుకో నాయనా. మా అక్క ఇంటి తాళంచెవి నా దగ్గరే ఉంది. పెరట్లో బీన్స్ తీగ మీదే ఎండిపోతున్నాయి."

"మీరు దాటితే రాసుకుంటానమ్మా."

"దాటడానికి బల్లకట్టేదీ?"

"అవసరముందని తేలితే వస్తుంది."

"అవసరముందని ఎలా తేలుతుంది?"

"దాటినవాళ్ళని లెక్కపెడతాం కదమ్మా" అన్నాడాయన ఓపికగా. జింకా ఆయన ముఖంలోకి చూసింది. వేళాకోళం చేస్తున్నట్టు లేదు. ఇంటికెళ్ళి ఆయనకు ఓ గిన్నెడు సూప్ తెచ్చిచ్చింది.

ఏ రోజు ఫారం మీద ఆ రోజు అవతలి ఒడ్డు ఉద్యోగి సంతకం ఉండాలని నియమం. మొదటి సాయంత్రం ఇద్దరూ ఒకరికోసం ఒకరు బయల్దేరి వంతెన మీద ఎదురెదురుగా దాటిపోయారు. రెండో రోజు నుంచి వంతులు వేసుకుని, రోజుకు ఒకరు చొప్పున ఇరవై మూడు కిలోమీటర్లు పోయి, ఇరవై మూడు కిలోమీటర్లు వచ్చారు. (ఆ ప్రయాణాలను లెక్కలో చేర్చలేదు. అవి విధినిర్వహణ కిందికి వస్తాయి, అవసరం కిందికి రావు.)

నవంబరులో నివేదిక వచ్చింది. పరిశీలించిన కాలంలో ఒక్క పౌరుడు కూడా నది దాటవలసిన అవసరంలో కనబడలేదనీ, అందువల్ల సమస్య సంతృప్తికరంగా పరిష్కారమైందనీ అందులో ఉంది. పొదుపు కోసం రెండు ఒడ్ల ప్రతులనూ ఒకే కవరులో పెట్టి లుద్విక్‌కే పంపారు. రెండో ప్రతి మీద రోజికా పేరు ఉంది. దానికి చిన్న చీటీ గుచ్చి ఉంది: దూరం ఎనభై మీటర్లే కనుక, దయచేసి దీన్ని మీరే అవతలికి అందజేయగలరు.