నల్లదుమ్ము లేని వార్డు

ఇక మీదట ఈ వార్డులో సూర్యుడు పార్టీ పర్యవేక్షణలో ఉదయిస్తాడని వార్డు అధ్యక్షుడు ఉమాశంకర్ మైకులో ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. హార్బరు బొగ్గుగుట్టల వెనక ఉన్న ఆ వార్డుకి అంతకు నెల ముందే మరో గౌరవం దక్కింది. ‘నల్లదుమ్ము లేని వార్డు’ అని మంత్రిగారు స్వయంగా షీల్డు ఇచ్చారు. ఆ షీల్డు పార్టీ ఆఫీసులో అద్దాల బీరువాలో ఉంది. దాన్ని రోజుకి రెండుసార్లు తుడవడానికి ఒక కార్యకర్తను నియమించారు.

‘సూర్య వార్డు’ పథకం కింద మొదటి సోలార్ ప్యానెళ్ళు చేపలమ్ముకునే చిట్టమ్మ డాబా మీదికి ఎక్కాయి. ఆమెకు సూర్యుడి మీద కొత్తగా ప్రేమేమీ పుట్టలేదు. భర్త దాలయ్యకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. పగలూ రాత్రీ ఆక్సిజన్ మిషను తిరగాలి. మీటరు దానికంటే వేగంగా తిరుగుతోంది. బకాయి కోసం కనెక్షన్ తీసేయడానికి లైన్‌మన్ రెండుసార్లు వచ్చి, గుమ్మంలో మిషను చప్పుడు విని వెనక్కి వెళ్ళాడు. మూడోసారి చెవుల్లో దూది పెట్టుకుని వస్తానని చెప్పాడు.

“బ్యాంకు లోనిత్తాది పిన్నీ, గవర్నమెంటు సబ్సిడీ ఇత్తాది” అన్నారు ఉమాశంకర్. “పగలు నీ డాబా కరెంటు తయారుసేసి డిపార్టుమెంటుకి ఇత్తాది. రాత్రి నువ్వు వాడుకుంటావ్. బిల్లు జీరో! బాబాయికి ఊపిరి ఫ్రీ!”

“ఊపిరికి బిల్లుంటాదని నాకు ఇన్నాళ్ళూ తెల్దు అద్దెచ్చుడుబాబూ” అన్నాడు దాలయ్య. మాట్లాడితే ఆయాసం వస్తుంది కనక అతను అక్కర్లేని మాటలు మాట్లాడడు.

కార్తీకంలో, వానలు వెనకబట్టాక, డాబాకి సున్నం వేయించి ప్యానెళ్ళు బిగించారు. మొదటి నెల బిల్లు నేలకి దిగింది. దాలయ్య ఆ కాగితంతో విసురుకున్నాడు. రెండో నెల కొంచెం లేచింది. శివరాత్రికి మళ్ళీ పాత ఎత్తుకి చేరుకుంది. పైన లోను వాయిదా ఒకటి. కంపెనీ మనిషి వచ్చి ప్యానెల్ మీద వేలితో గీత గీసి చూపించాడు.

“దుమ్మమ్మా. వారానికోసారి కడక్కపోతే సూర్యుడేటి సేత్తాడు?”

చిట్టమ్మ బకెట్టుతో డాబా ఎక్కింది. నల్లనీళ్ళు గొట్టంలోంచి దిగి, వీధిలో రెండు చేతులూ జోడించి నిలబడ్డ ఫ్లెక్సీ ఉమాశంకర్ కాళ్ళ దగ్గర మడుగు కట్టాయి. రెండో బకెట్టు పోసేలోగా అసలు ఉమాశంకర్ వచ్చేశారు.

“ఏటి సేత్తన్నావ్ పిన్నీ?”

“దుమ్ము కడుగుతన్నాను బాబూ.”

“ఏ దుమ్ము?”

“నల్లదుమ్ము.”

“అది మన వార్డులో లేదు కదేటి!”

చిట్టమ్మ తన అరచేతులు చూసుకుంది. “మరిదేటి?”

ఉమాశంకర్ ఆకాశం వైపు చూశారు. “ఎండకి ప్యానెల్ కమిలింది.”

“కమిలితే నీళ్ళతో పోతాదా?”

“పోతంది కదా, అందుకే కడగొద్దంటన్నాను. ఈ నల్లనీళ్ళు ఎవడైనా ఫోన్లో తీసి పెట్టాడనుకో, షీల్డు పోతాది. షీల్డు పోతే నీ సబ్సిడీ కదల్దు. ఆలోసించుకో.”

కిందనుంచి దాలయ్య గొంతు వినిపించింది. “ఒలే సిట్టీ... కడక్కు. ఆ బాబుకి షీల్డుంది. నాకు... దగ్గుంది. ఎవులిది ఆల్లకి ఉండనీ.”

ఎండలు ముదిరాక మంత్రిగారు సూర్య వార్డును చూడటానికి వచ్చారు. ఉమాశంకర్‌కి బెంగేమీ లేదు. ప్యానెలూ నలుపే, దాని మీదున్నదీ నలుపే. మంత్రిగారు తెల్లచొక్కాతో డాబా ఎక్కి, కెమెరాల కోసం ప్యానెల్‌ను లేగదూడను నిమిరినట్టు నిమిరారు. చెమట పట్టింది. అదే చేత్తో నుదురు తుడుచుకున్నారు. నుదుటి నుంచి చెంప దాకా నాలుగు వేళ్ళూ అచ్చుపడ్డాయి.

“అయ్యో, దుమ్...” అని చిట్టమ్మ కొంగు అందించబోయింది.

“పెయింటు సార్!” అని ఉమాశంకర్ అడ్డం వచ్చారు. “కంపెనీ పెయింటు ఊడిపోతోంది!”

మంత్రిగారు ఒక్క క్షణం ఆలోచించారు. షీల్డు ఇచ్చింది తామే.

“నాసిరకం” అన్నారు. “ఇలాంటి కంపెనీలను ఉపేక్షించేది లేదు. విప్పించండి.”

మర్నాడు పేపర్లు మంత్రిగారి నిఘాను మెచ్చుకున్నాయి. ప్యానెళ్ళు లారీ ఎక్కి వెళ్ళిపోయాయి. లోను నాసిరకం కాదు గనక ఉండిపోయింది.

లైన్‌మన్ మూడోసారి వస్తున్నాడని తెలిసి చిట్టమ్మ ఉమాశంకర్ దగ్గరికి పరుగెత్తింది. ఆయన కదిలిపోయి డాబా చూడటానికి వచ్చారు. ఎక్కిన మెట్టు మీదే ఆగిపోయారు. డాబా అంతా తారు పోసినట్టుంది. ప్యానెళ్ళు ఉన్న చోట మాత్రం, ఎండా దుమ్మూ తగలక, కార్తీకం నాటి సున్నం మల్లెపువ్వులా మెరుస్తోంది. ఆయన చెప్పులు విప్పారు.

“పిన్నీ, దీని మీద ఎవుల్నీ కాలెట్టనీకు. రెండో ఏడు కూడా షీల్డు మనదే.”

ఫొటోగ్రాఫరు వచ్చాడు. తెలుపు దాటి ఏమీ పడకుండా ఫ్రేము కట్టాడు. అందులో ఆరోగ్యంగా ఉన్న పౌరుడొకరు కావాలన్నాడు. ఫొటో ఇస్తే కరెంటు తీయనివ్వనని ఉమాశంకర్ పూచీపడ్డారు. దాలయ్యని కుర్చీతో సహా పైకి మోశారు. ముక్కుగొట్టం ఫ్రేములోకి వస్తోందని తీసేశారు.

“ఊపిరి బిగబట్టమంటావా... పీల్సమంటావా అద్దెచ్చుడుబాబూ?”

“పీల్సినట్టుండు బాబాయ్. దగ్గకు.”

దాలయ్య దగ్గలేదు. నవ్వాడు కూడా. ‘హాయిగా ఊపిరి పీల్చుకుంటున్న వార్డు’ అని ఆ ఫొటో వీధి మొదట్లో ఫ్లెక్సీగా వెలిసింది. షీల్డు వచ్చింది. ఫ్లెక్సీ మాత్రం రెండు రోజులకే మసకబారడం మొదలుపెట్టింది. దాన్ని పొద్దునా సాయంత్రం తుడిచే పని, నెల జీతం మీద, చిట్టమ్మకే ఇచ్చారు. ఆ జీతంతో ఆమె పాత బకాయి తీర్చింది.

వానలింకా పడలేదు. ఒకరోజు లైన్‌మన్ కొత్త బిల్లు తెచ్చాడు. అలవాటుకొద్దీ గుమ్మంలో నిలబడి చెవి ఒగ్గాడు. లోపల మిషను చప్పుడు లేదు. బిల్లు చూశాడు. నెల మొత్తానికీ సున్నా. ఏమీ అడక్కుండా దాన్ని గూట్లో పెట్టి, చెప్పులు చేత పట్టుకుని వీధి చివరిదాకా నడిచి వెళ్ళాడు.

సంగతి ఉమాశంకర్‌కి చేరింది. సాయంత్రం మైకు కట్టించారు. “చెప్పాం, చేశాం! వార్డులో మొట్టమొదటి జీరో బిల్లు!” అని బిల్లు ఎత్తి చూపించారు. దండ వేయడానికి చిట్టమ్మ కోసం చూస్తే ఆమె ఫ్లెక్సీ దగ్గరుంది. తడిగుడ్డతో ముందు దాలయ్య ముఖం తుడుస్తోంది.

“పిన్నీ, ఇయ్యాల కూడానేటి? ఏటి తుడుస్తన్నావ్?”

చిట్టమ్మ వెనక్కి తిరగలేదు.

“కమిలింది బాబూ.”