ఎనిమిది కళ్ళు చూసిన మాత్ర

ఒక మనిషి పొరపాటు చేయగలడు గానీ నలుగురు కలిసి ఒకే పొరపాటు చేయలేరన్న మహత్తర సత్యం మీద మా ఊరి ఆసుపత్రి నిలబడి ఉంది. అందుకే అక్కడ ప్రతి మాత్రనూ నలుగురు పరిశీలించి సంతకం పెడతారు. (రోగి సంతకం అక్కర్లేదు. ఆ మనిషి పని మింగడం వరకే.)

మా పెద్దమ్మ బీపీ పెరిగి అక్కడ చేరింది. రోజూ తెల్ల మాత్ర ఇచ్చేవారు. ఒకనాడు పొద్దున్నే గులాబీ రంగుది వచ్చింది.

"ఇది నాది కాదమ్మా, నాది తెల్లగా ఉంటుంది" అంది పెద్దమ్మ.

"కంపెనీ మారుంటుంది లెండి. నలుగురు చూశారు, వేసుకోండి" అంది నర్సు ఎంతో ఆప్యాయంగా.

వేసుకుంది. కాసేపటికి ఒళ్ళంతా చెమటలు పట్టి, నన్ను పట్టుకుని "ఎవరు బాబూ నువ్వు?" అంది. కేకలేసి డాక్టరుగారిని పిలిచాను. తీరా చూస్తే అది పక్క మంచం ఆవిడ షుగరు మాత్ర. గ్లూకోజు ఎక్కించి బతికించారు.

సమస్త పరిశీలనల పర్యవేక్షణాధికారి వెంటనే విచారణ జరిపారు. పైన నర్సు చూస్తుంది కదా అనుకున్నాడు మందుల గది ఆయన. మందుల గదిలో చూసే పంపుతారు కదా అనుకుంది నర్సు. ఆ నర్సు ఎంత జాగ్రత్త మనిషో తనకు తెలుసు కాబట్టి పెద్ద నర్సు చూడలేదు. ముగ్గురి సంతకాలనూ డాక్టరుగారు స్వయంగా చూశారు. ఎవరూ అబద్ధం ఆడలేదు, ఎవరూ మాత్రను చూడలేదు. లోపం ఎక్కడుందో అధికారి ఇట్టే పట్టేశారు: సంతకాలు చాలలేదు. ఇకపై రోగి బంధువు కూడా అయిదో సంతకం పెట్టాలి.

మర్నాడు ట్రే నా ముందుకొచ్చింది. అప్పటికే నాలుగు సంతకాలున్నాయి. అంత చదువుకున్నవాళ్ళు చూశాక మధ్యలో నేనెవర్ని? పెట్టేశాను.

"చూశావుట్రా?" అంది పెద్దమ్మ.

"అయిదుగురం చూశాం పెద్దమ్మా."

ఆవిడ మాత్రను అరచేతిలో పెట్టి నా మొహం ముందుకు తెచ్చింది. "మళ్ళీ గులాబీదే కదరా!"

సిగ్గుతో చచ్చిపోయి అధికారి దగ్గరకు పరిగెత్తాను. ఆయన తొణకలేదు. ఆరో సంతకానికి తగిన మనిషి కావాలన్నారు. మా పెద్దమ్మ పేరు చెప్పాను.

రోగులకు అర్హత లేదట.